ముసలివాళ్లు, పిల్లలతో నాలుగు రోజుల ప్రయాణం: క్యారవానా, టెంపోనా, సొంత కారా?

మా అవ్వకు 78 ఏళ్లు. ఊరికి పోతున్నామంటే ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తుంది. దారిలో దిగాల్సి వస్తుందని, దిగిన చోట శుభ్రంగా ఉండదని, కింద కూర్చుంటే మోకాళ్లు లేవనివ్వవని ఆమె భయం. మా అమ్మదీ అదే బాధ, కాకపోతే బయటికి చెప్పదు. రెండేళ్ల కిందట క్యారవాన్ బాడుగకు తీసుకుందామనే మాట ఇంట్లో వచ్చినప్పుడు పిల్లలు పడకల గురించి అడిగారు, నేను రేటు గురించి అడిగాను. అవ్వ ఒక్కటే అడిగింది: "లోపలే బాత్రూము ఉంటాదంటనా నాయనా?"

అన్నిటికన్నా ముందు అడగాల్సింది అదేనని బండి ఎక్కాక గానీ నాకు తెలిసిరాలేదు.

మాది కర్నూలు. బెలుం గుహలు, గండికోట, తాడిపత్రి, లేపాక్షి చుట్టి రావడానికి మేము ఒకసారి టెంపో ట్రావెలర్‌లో పోయాం, ఇంకోసారి డిసెంబరులో క్యారవాన్‌లో పోయాం. గండికోట వరకు సొంత కారులో రెండుసార్లు పోయాం. మూడింటి మంచీ చెడ్డా చూశాను కాబట్టి, ఇంట్లో ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఉండి ఇలాంటి ప్రయాణం అనుకుంటున్న వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

క్యారవాన్ అని మూడు రకాల బండ్లు ఇస్తారు

మన దగ్గర క్యారవాన్ అనగానే సినిమా వాళ్ల బండి గుర్తొస్తుంది. ఫోన్ చేసి అడిగితే కొందరు నిజంగా దాన్నే పంపిస్తామంటారు. లోపల అద్దాలు, సోఫా, ఏసీ చూసి పిల్లలు ముచ్చటపడతారు. కానీ అది షూటింగ్ దగ్గర జనరేటర్ పక్కన రోజంతా నిలబడటానికి చేసిన బండి. నడుస్తున్నప్పుడు ఆరుగురు బెల్టు పెట్టుకుని కూర్చోవడానికి చాలావాటిలో సీట్లే ఉండవు. కుటుంబంతో దూరం పోవడానికి అది వద్దు.

రెండోది, ఫోర్స్ ట్రావెలర్ లాంటి వ్యాను మీద కట్టినది. ముందు భాగంలో సీట్లు, వెనక పడకలు, ఒక మూల బాత్రూము, చిన్న వంటగట్టు, ఫ్రిజ్ ఉంటాయి. డ్రైవర్‌తో కలిపే ఇస్తారు. ఇక్కడ క్యారవాన్ అంటున్నది దీన్నే. మూడోది, పికప్ బండి వెనక పడక గది కట్టి, మనల్నే నడుపుకోమని ఇచ్చేది. ఇద్దరు ముగ్గురికి బాగుంటుంది. అవ్వను తీసుకుని పోయేవాళ్లకు కుదరదు, ఎక్కడం దిగడమే కష్టం.

ఏ బండైనా 'ఎంతమంది పడుకోవచ్చు' అనేది వేరు, 'ఎంతమంది కూర్చుని ప్రయాణం చేయొచ్చు' అనేది వేరు. ఆరుగురు పడుకోవచ్చని చెప్పిన బండిలో బెల్టున్న సీట్లు నాలుగే ఉండొచ్చు. బండి కదులుతుండగా పిల్లల్ని వెనక పడక మీద పడుకోబెట్టడం చాలామంది చేస్తారు, మేమూ మొదటి గంట చేశాం. గేదె అడ్డం వచ్చి డ్రైవర్ బ్రేకు తొక్కితే మా చిన్నోడు పడక మీద నుంచి జారి వంటగట్టు దాకా వచ్చాడు. దెబ్బ తగల్లేదు గానీ, ఆ తర్వాత బండి ఆగితే తప్ప ఎవరినీ పడుకోనివ్వలేదు. అందుకే ముందు సీట్లు లెక్కపెట్టండి, పడకల సంగతి తర్వాత.

బండి ఎక్కడి నుంచి బయల్దేరుతుందో, లెక్క అక్కడి నుంచే

ఇలాంటి క్యారవాన్లు మనకు హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో రావాల్సిందే. వాళ్ల కిలోమీటర్ల లెక్క వాళ్ల షెడ్డులో మొదలై మళ్లీ వాళ్ల షెడ్డులోనే ముగుస్తుంది. హైదరాబాదు నుంచి కర్నూలుకు దాదాపు 215 కిలోమీటర్లు. రానూపోనూ 430. ఆ 430 కిలోమీటర్లు బండిలో మనం ఉండం, డబ్బు మాత్రం మనదే. మా ప్రయాణం కర్నూలులో మొదలై కర్నూలులో ముగిసేసరికి 700 కిలోమీటర్లకు అటుఇటు అయింది. అంటే మొత్తం తిరుగుడులో మూడో వంతు కన్నా ఎక్కువ ఖాళీ బండికే కట్టాం.

కాబట్టి క్యారవాన్ కావాలనుకుంటే దాన్ని ఇంటి ముందుకు రప్పించుకోవద్దు, మనమే దాని దగ్గరికి పోవాలి. అనంతపురం వాళ్లకు ఇది బాగా కుదురుతుంది. బెంగళూరు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద వచ్చే బండి కాస్త పక్కకు తిరిగితే లేపాక్షి వస్తుంది. మీరు హిందూపురం దాకా రైల్లో పోయి, అక్కడి నుంచి ఆటోలో 15 కిలోమీటర్లు పోయి, లేపాక్షి నంది దగ్గర బండి ఎక్కండి. మీ ప్రయాణంలో మొదటి రోజు చూడాల్సిన చోటు అదే అవుతుంది, ఖాళీ కిలోమీటర్లు సగానికి సగం తగ్గుతాయి. కడప వాళ్లకు హైదరాబాదు బండి వద్దే వద్దు, 400 కిలోమీటర్ల పైమాట. బెంగళూరు బండినే మాట్లాడుకోవాలి. మా కర్నూలు వాళ్లకైతే హైదరాబాదే దగ్గర, ఎటూ తిరిగి 430 తప్పదు. అందుకే రెండు రోజుల ప్రయాణానికి కర్నూలు నుంచి క్యారవాన్ దండగ. కనీసం నాలుగు రోజులు తిరిగితేనే ఆ ఖర్చుకు అర్థం ఉంటుంది.

ఆరుగురికి, మూడు రాత్రులకు లెక్క

మేము ఆరుగురం: అవ్వ, అమ్మ, నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు. మేము మాట్లాడుకున్న రేట్లతో లెక్క చెబుతాను. మీకు చెప్పే రేట్లు వేరుగా ఉండొచ్చు, లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

క్యారవాన్ రోజుకు 14,000, డీజిలూ డ్రైవరూ అందులోనే. రోజుకు 250 కిలోమీటర్ల హద్దు, దాటితే కిలోమీటరుకు 25 రూపాయలు. నాలుగు రోజులకు 56,000. ఖాళీగా తిరిగిన 430 కలుపుకుని 1,130 కిలోమీటర్లయింది, హద్దు మీద 130 దాటినందుకు 3,250. డ్రైవర్ బత్తా 2,000. మొత్తం 61,250, టోల్ వేరే. టోల్ దగ్గర ఇది కారు కాదు, మినీ బస్సు లెక్కన కోస్తారు. అమకతాడు, కాసేపల్లి, మరూరు టోల్ గేట్లు దాటేసరికి ఫాస్టాగ్‌లో ఎంత పోయిందో కనబడుతుంది.

అదే చుట్టు 12 సీట్ల టెంపోలో పోతే కిలోమీటరుకు 24 రూపాయలు. మనం తిరిగేది 700 అయినా రోజుకు 250 చొప్పున వెయ్యి కిలోమీటర్లకు కట్టాలి. 24,000, బత్తా 2,000. రాత్రికి రెండు గదులు, గది 2,000 అనుకుంటే మూడు రాత్రులకు 12,000. మొత్తం 38,000. ఇన్నోవా లాంటి బండి అయితే ఇదే లెక్కకు 32,000 దగ్గర తేలుతుంది. ఏడు సీట్ల సొంత కారు ఉంటే డీజిల్ 50 లీటర్లు, అంటే ఐదు వేలు. గదులతో కలిపి 17,000.

ఎవరు అడిగినా మొదట ఈ అంకెలే చెబుతాను. టెంపోకూ క్యారవాన్‌కూ మధ్య 23,000 తేడా ఉంది. ఆ 23,000 మీ ఇంట్లో ఎవరి కోసం ఖర్చు పెడుతున్నారో పేరు పెట్టి చెప్పగలిగితే క్యారవాన్ తీసుకోండి. మాకైతే ఆ పేరు అవ్వ. పిల్లల సరదా కోసమే అయితే ఆ డబ్బుతో ఇంకో రెండు రోజులు ఎక్కువ తిరగొచ్చు.

దీని సుఖం పగటిపూటే

క్యారవాన్ గురించి చెప్పేవాళ్లంతా రాత్రి చుక్కల కింద పడుకోవడం గురించే చెబుతారు. నాకు కలిసొచ్చింది పగలు.

బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు. జనం తిరగడానికి తెరిచినంత మేర తిరిగినా మెట్లు, వంగి నడవడం, లోపల ఉక్క తప్పవు. టెంపోలో పోయినప్పుడు అవ్వ, అమ్మ బయట చెట్టు కింద రెండు గంటలు కూర్చున్నారు. మేము లోపల ఉన్నాం గానీ మనసంతా బయటే ఉంది, సగం చూసి వచ్చేశాం. క్యారవాన్‌లో పోయినప్పుడు అవ్వ సజ్జరొట్టె, చెనిక్కాయల పొడి తిని, చల్లటి మజ్జిగ తాగి, కాళ్లు చాపుకుని నిద్రపోయింది. మేము గుహ లోపలి పాతాళగంగ దాకా పోయి తీరుబడిగా వచ్చాం. వచ్చేసరికి లేచి, "నీళ్లు ఇంకో గ్లాసు ఇయ్యి" అంది. ప్రయాణంలో ఆమె నోట ఆ మాట నేను అంతకుముందు వినలేదు.

గండికోటలోనూ అంతే. మాధవరాయ గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం చూసుకుంటూ పెన్నా లోయ అంచు దాకా పోవాలంటే రాళ్ల మీద నడవాలి. ముసలివాళ్లను చేయి పట్టుకుని ఒక గుడి చూపించి బండిలో పడుకోబెట్టి, మిగతావాళ్లు లోయకు పోవచ్చు. ఇన్సులిన్ వేసుకునే వాళ్లు ఇంట్లో ఉంటే బండిలో ఫ్రిజ్ ఉండటం పెద్ద ఊరట. లేపాక్షిలో గుడి ఒక చోట, నంది కాస్త దూరంగా ఇంకో చోట ఉంటాయి, రెండింటి మధ్య బండి అవసరమే. కానీ అక్కడ గదుల సౌకర్యం ఉంది, గుడి కూడా తిరగడానికి తేలిక. లేపాక్షి ఒక్కదానికైతే కారే చాలు.

రాత్రి, కరెంటు లెక్క

బాడుగకు ఇచ్చేవాళ్లు 'ఏసీ ఉంది' అంటారు. ఏ ఏసీ అని అడగాలి. ఇంజిన్ తిరుగుతుంటేనే పనిచేసే ఏసీ ఒకటి. ఇంజిన్ ఆపాక ఇన్వర్టర్ మీదో, జనరేటర్ మీదో, బయటి ప్లగ్గు మీదో పనిచేసే ఏసీ ఇంకొకటి. ఇన్వర్టర్‌కు 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒకటి ఉందనుకోండి. 12 వోల్టులతో హెచ్చవేస్తే 1,800 వాట్ అవర్లు. ఒక టన్ను ఏసీ గంటకు వెయ్యికి పైనే లాగుతుంది. మామూలు బ్యాటరీని సగానికి మించి వాడితే పాడవుతుంది కాబట్టి గంట కూడా రాదు. రాత్రంతా ఏసీ రావాలంటే జనరేటర్ వేయాలి, లేకపోతే ఎక్కడో 16 ఆంపియర్ల ప్లగ్గు దొరకాలి. ఫ్యాన్లకు, లైట్లకు, ఫోన్లకు మాత్రం ఆ బ్యాటరీ తెల్లారేదాకా సరిపోతుంది.

మేము గండికోటలో పడుకున్న రాత్రి జనరేటర్ చప్పుడుకు పక్క టెంట్లలోని పిల్లలు లేచి ఏడ్చారు. వాళ్ల నాయన వచ్చి మర్యాదగానే అడిగాడు. 11 గంటలకు ఆపేశాం. డిసెంబరు కాబట్టి కిటికీలు తీసి, దుప్పట్లు కప్పుకుని పడుకున్నాం. అదే ఏప్రిల్, మే అయితే? కర్నూలు, అనంతపురం, కడపల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పగలంతా కాలిన రేకు డబ్బా రాత్రి 12 దాకా చల్లారదు. వేసవి సెలవుల్లో మన సీమలో క్యారవాన్ తీసుకుని బయట పడుకోవాలనే ఆలోచన వదిలేయండి. ఆ నెలల్లో పోవాల్సి వస్తే టెంపో, ఏసీ గది. క్యారవాన్‌కు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం.

బండి రాత్రి ఎక్కడ ఆపాలో బయల్దేరే ముందే తేల్చుకోవాలి. పర్యాటక సంస్థ హరిత హోటళ్లలో ముందే ఫోన్ చేసి అడగండి, ఒక గది తీసుకుంటే ఆవరణలో బండి పెట్టుకోనిస్తారా అని. ఆ గది డ్రైవర్‌కు, మన స్నానాలకు పనికొస్తుంది. నాకు ఇంకో దారి కూడా తట్టింది, బాగా పనిచేసింది: కల్యాణ మండపం. పెళ్లి లేని రోజు మండపాలు ఖాళీగానే ఉంటాయి. పెద్ద గేటు, బోరు నీళ్లు, కరెంటు, వరసగా బాత్రూములు, వాచ్‌మన్, అన్నీ ఉంటాయి. తాడిపత్రి దగ్గర ఒక మండపంలో కొద్ది డబ్బుకే రాత్రంతా ఉండనిచ్చారు. ఏసీకి ప్లగ్గు ఇచ్చింది కూడా అక్కడే. చుట్టాల ఊళ్లో తోటా, బోరు మోటరూ ఉంటే అంతకన్నా మంచిది లేదు.

డ్రైవర్ ఎక్కడ పడుకుంటాడో చాలామంది అడగరు. మా డ్రైవర్ రెండు రాత్రులు ముందు సీటులోనే ఒరిగాడు. మూడో రోజు లేపాక్షి నుంచి బయల్దేరాక అతని కళ్లు మూతలు పడటం చూసి బండి ఆపించి రెండు గంటలు నిద్రపొమ్మన్నాను. అతనికి మంచం ఇవ్వడం మన ప్రాణానికి సంబంధించిన విషయం. టెంపో డ్రైవర్‌కైనా ఇంతే.

నీళ్లు, బాత్రూము

ట్యాంకు 150 లీటర్లని చెప్పారు. నింపి పంపారో లేదో మేము చూసుకోలేదు. రెండో రోజు పొద్దున మా పాప తలకు షాంపూ రుద్దుకుని ఉండగా పంపు గుర్రుమని, దగ్గి, ఆగిపోయింది. కళ్లు మూసుకుని గోడ పట్టుకుని నిలబడింది పాప. తాగే నీళ్ల క్యాన్ వంచి కడిగాం. ఫోన్ చేస్తే బండి ఇచ్చినవాళ్లు, నిండుగానే పంపామన్నారు. ఇప్పుడు నేను ఏ బండి ఎక్కినా మొదట ట్యాంకు మూత తీసి లోపల వేలు పెట్టి చూస్తాను.

ఒక బకెట్టు 18, 20 లీటర్లు. ఆరుగురు తలా ఒక బకెట్టు పోసుకుంటే 120 అయిపోయాయి. అంటే 150 లీటర్ల ట్యాంకు ఒక్క పూటకు సరి. అందుకే గుళ్లకు పోయే ప్రయాణానికి క్యారవాన్ వద్దంటాను. మహానంది, అహోబిలం, శ్రీశైలం, మంత్రాలయం పోయేటప్పుడు ఇంటిల్లిపాదీ తెల్లారుజామున తలస్నానం చేయకుండా గుడి మెట్లెక్కం. ఆ నీళ్లు బండిలో ఎక్కడివి? శ్రీశైలంలో ఎన్నో సత్రాలు ఉన్నాయి, మహానందిలో కోనేరే ఉంది. పైగా శ్రీశైలం దారి నల్లమల అడవిలోంచి పోతుంది. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేట్లు మూస్తారు, దారిలో ఆగి వండుకోవడం, నిప్పు రాజేయడం కుదరదు. అక్కడికి టెంపో లేదా కారు, అంతే.

బోరు నీళ్లు స్నానానికి, గిన్నెలకు సరిపోతాయి. అనంతపురం, కడప ప్రాంతాల్లో చాలా ఊళ్ల భూగర్భ నీటిలో ఫ్లోరైడు ఉంటుంది, తాగే నీళ్ల క్యాన్లు వేరే పెట్టుకోండి.

ఇక మరుగుదొడ్డి. చాలా బండ్లలో కమోడు కింద 20 లీటర్ల పెట్టె ఉంటుంది. బండి పక్కన చిన్న తలుపు తీసి దాన్ని బయటికి లాగి ఖాళీ చేయాలి. ఆరుగురు వాడితే రోజున్నరకు నిండుతుంది. ఎవరు ఖాళీ చేయాలి? డ్రైవర్ "అన్నా, అది నా పని కాదు" అన్నాడు, మాట్లాడుకున్నప్పుడు ఎవరూ చెప్పలేదు కాబట్టి అతన్ని తప్పు పట్టలేం. తాడిపత్రిలో చుట్టాలింటి సెప్టిక్ ట్యాంకు మూత తీయించి, చేతులకు కవర్లు కట్టుకుని నేనే పోశాను. పెట్టె బరువు 20 కిలోలు, మూత సరిగ్గా తిప్పకపోతే కాళ్ల మీద పడుతుంది. తర్వాత నుంచి ఇంట్లో ఒక కట్టడి పెట్టుకున్నాం: మిగతావాళ్లం హోటళ్లలో, పెట్రోలు బంకుల్లో పోయొస్తాం, బండిలోది అవ్వకు, అమ్మకు, రాత్రి అవసరానికి. అప్పుడు మిగతా రోజులంతా ఆగింది. పెన్నా ఒడ్డునో, తుంగభద్ర ఒడ్డునో, పొలం గట్టు మీదో మాత్రం పోయొద్దు. ఆ నీళ్లు కిందున్న ఊళ్ల వాళ్లు తాగుతారు.

క్యారవాన్ వద్దనుకుని, ముసలివాళ్ల ఇబ్బంది ఒక్కటే మిగిలితే దానికి చిన్న ఉపాయం ఉంది. మందుల షాపుల్లో మడతపెట్టే కమోడ్ కుర్చీ అమ్ముతారు. టెంపో వెనక సీట్ల మధ్య సులువుగా పడుతుంది. ఎక్కడ బాత్రూము దొరికినా లోపల కుర్చీ వేస్తే మోకాళ్ల బాధ ఉండదు. నా భార్య వాళ్ల అమ్మానాయన ఇలాగే తిరుపతి, కాళహస్తి పోయొచ్చారు.

వంట

వంటగట్టు ఉందని సరుకులన్నీ వేసుకుపోవద్దు. కరెంటు పొయ్యి ఇన్వర్టర్ మీద నడవదు. గ్యాసు పొయ్యి అయితే బండి ఆగాకే వెలిగించాలి, కదిలే ముందు సిలిండర్ దగ్గర గ్యాసు ఆపేయాలి. టీ, పాలు, పిల్లలకు అన్నం, అంతవరకు హాయి. రాగి సంగటి గెలకడానికి అక్కడ చోటు చాలదు, అవ్వ చూసి నవ్వి మానుకుంది. మొదటి రోజుకు చిత్రాన్నం, తర్వాతకు సజ్జరొట్టెలు, ఓళిగలు కట్టుకుపోతే చాలు. పొద్దున ఉగ్గాని బజ్జి దారి పొడుగునా దొరుకుతుంది.

దారులు

జాతీయ రహదారి మీద క్యారవాన్ పల్లకీలా పోతుంది. లోపలి దారుల్లోనే చిక్కు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి వైపు నాపరాళ్ల లారీలు, సిమెంటు లారీలు ఎడతెగవు. వాటి వెనక బరువైన బండి ఓవర్‌టేకు చేయలేదు. 60 కిలోమీటర్లకు రెండు గంటలు వేసుకోండి. నెత్తిన ఏసీ ఉన్న బండి ఎత్తు మూడు మీటర్ల దాకా ఉంటుంది. ఊరి కమాన్లు, వేలాడే కరెంటు తీగలు, చింతకొమ్మలు చూసుకుంటూ పోవాలి. ఒక ఊళ్లో నేనే దిగి ముందు నడిచి చేయి ఊపుతూ బండిని దాటించాను. సొంత కారైతే ఈ తిప్పలేవీ లేవు, సందులో చుట్టాలింటి గుమ్మం దాకా పోతుంది. అందుకే నలుగురే ఉండి, అందరూ కాళ్లూ చేతులూ బాగున్నవాళ్లే అయితే నేను ఇంకేదీ చెప్పను. కారులో పోండి, గండికోటలో గదో టెంటో ముందే మాట్లాడుకోండి. పదిమంది దాటితే టెంపోనే, క్యారవాన్‌లో సీట్లే ఉండవు.

కర్ణాటక వైపు పోయేవాళ్లకు ఒక మాట. అక్కడ డీజిల్ మన ఆంధ్రా కన్నా చౌక. సొంత కారైతే సరిహద్దు దాటాక నింపుకోండి.

కాగితాలు చూడటం

ఆర్సీలో బండి తరగతి ఏమని రాసి ఉందో చూడండి. మోటార్ క్యారవాన్ అనో, క్యాంపర్ వ్యాన్ అనో ఉండాలి. మామూలు వ్యాను కొని ఇష్టమొచ్చినట్టు లోపల మార్చి, ఆర్సీలో ఎక్కించకుండా తిప్పే బండికి ప్రమాదం జరిగితే బీమా వాళ్లు చేతులెత్తేస్తారు. బండి నంబరు ఇస్తే ఎంపరివాహన్ యాప్‌లో ఫిట్‌నెస్, బీమా తేదీలు మీరే చూసుకోవచ్చు. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే డ్రైవర్‌తో ఇచ్చే బాడుగ బండి. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే మనం నడుపుకోవడానికి ఇచ్చేది. తెల్ల ప్లేటు బండి బాడుగకు ఇస్తున్నారంటే తీసుకోవద్దు. రాష్ట్రం దాటేదైతే ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉందా అని అడగండి. లేకపోతే సరిహద్దు దగ్గర పన్ను మీ నెత్తిన పడుతుంది.

సొంతంగా నడుపుకోవాలనుకుంటే, మామూలు కారు లైసెన్సుతో 7,500 కిలోల లోపు బాడుగ బండి కూడా నడపొచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చి చెప్పింది. లైసెన్సు సరిపోయినా అలవాటు సరిపోవాలి. కారు తప్ప ఇంకేదీ నడపనివాళ్లు పిల్లల్ని ఎక్కించుకుని ఘాట్ రోడ్డు మీద దీన్ని నేర్చుకోవద్దు.

బండి అప్పగించేటప్పుడు అరగంట తీసుకోండి. చుట్టూ తిరిగి గీతలన్నీ ఫోన్లో వీడియో తీయండి. టైరు మీద నాలుగంకెల గుర్తు ఉంటుంది, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. ఐదారేళ్లు దాటిన టైరైతే మార్చమని పట్టుబట్టండి. పంపు ఆన్ చేసి నీళ్లు వదలండి. ఇంజిన్ ఆపించి ఏసీ వేసి పది నిమిషాలు ఆగండి. పొడుగువాళ్లు పడక మీద పడుకుని చూడండి. నిప్పు ఆర్పే సిలిండర్ తేదీ, గ్యాసు పైపు పగుళ్లు చూడండి. తర్వాత ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి: కిలోమీటర్ల లెక్క ఎక్కడ మొదలవుతుంది, మరుగుదొడ్డి పెట్టె ఎవరు ఖాళీ చేయాలి, దారిలో బండి ఆగిపోతే ఏం చేస్తారు. మన వైపు బదులు క్యారవాన్ దొరకదు. టెంపో పంపి మిగతా డబ్బు వెనక్కి ఇస్తారా లేదా అని సూటిగా అడగాలి.

ఈ సంక్రాంతి తర్వాత మేము హంపికి పోతున్నాం. అక్కడ చూడాల్సినవి దూరదూరంగా ఉంటాయి, ఎండలో నడక ఎక్కువ, నడుమ నడుమ అవ్వకు పడుకునే చోటు కావాలి. అందుకే ఈసారి కూడా క్యారవానే మాట్లాడాను, నాలుగు రోజులకు. ఫోన్లో మొదట అడిగింది తలుపు దగ్గర మెట్టు ఎత్తు ఎంతని. కొలిచి చెప్పమంటే, 18 అంగుళాలన్నాడు. పోయినసారి ఆ ఎత్తుకే అవ్వ ప్రతిసారీ నా భుజం, అమ్మ చేయి పట్టుకుని, ఒక మోకాలు బండి గడప మీద ఆనించి పాకుతూ ఎక్కింది. ఎక్కాక చీర దులుపుకుని, ఎవరైనా చూశారేమోనని వెనక్కి చూసేది. ఈసారి వడ్రంగితో 9 అంగుళాల పీట చేయించాను. పైన వెడల్పు చెక్క, కింద నాలుగు కాళ్లకూ జారకుండా రబ్బరు ముక్కలు. ఇప్పుడది ఆమె మంచం పక్కనే ఉంది. పొద్దున, సాయంత్రం ఎక్కి దిగి చూసుకుంటోంది.